రత్తమ్మ కాలికట్టు

రత్తమ్మకి నిలబడి చేసే పనే తెలుసు. చిన్నతనంలో కాకినాడ దుమ్ములపేట ఒడ్డున తండ్రి వల దులుపుతుంటే పక్కన నిలబడి చేపలు ఏరింది. పల్లంరాజుని చేసుకున్నాక, అతను వేటకెళ్ళిన పడవ తిరిగొచ్చేదాకా హార్బరులో నిలబడింది. వచ్చాక వేలంపాటలో నిలబడింది. పాట అయ్యాక గంప నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరిగింది. తొంభైల మొదట్లో చుట్టుపక్కల వరిచేలు రొయ్యల చెరువులైపోయి, ఊరి చివర రొయ్యల కంపెనీ ఒకటి వెలిసింది. పేటలోని నలభైమంది ఆడవాళ్ళతో పాటు రత్తమ్మ కూడా అందులో చేరింది. నీడపట్టున పని అన్నారు. ఆ నీడలో కూడా నిలబడే ఉండాలని మాత్రం ఎవరూ చెప్పలేదు.

షెడ్డు నిండా నడుమెత్తు స్టీలు బల్లలు. బల్ల మీద ఐసు ముక్కలు, వాటిలో రొయ్యలు. తల తుంచాలి, తొక్క ఒలవాలి, వీపు మీది నల్లటి పేగు లాగేసి ట్రేలో వేయాలి. కింద సిమెంటు నేల మీద ఎప్పుడూ నీళ్ళు పారుతూనే ఉంటాయి. కాళ్ళకి రబ్బరు బూట్లు. పొద్దున ఆరింటికి బల్ల ముందు నిలబడితే మధ్యాహ్నం అన్నానికి ఒకసారి కదలడం, మళ్ళీ ఆ రోజు వచ్చిన సరుకంతా అయ్యేదాకా అక్కడే. చేతులకి క్షణం తీరిక ఉండేది కాదు. కాళ్ళకి కదిలే పనే ఉండేది కాదు.

మూడో కాన్పప్పుడే ఆమె ఎడమకాలి పిక్క మీద నరాలు ఉబ్బి, మెలికలు తిరిగి పైకి తేలాయి. షెడ్డులో చేరాక అవి ఇంకా లావెక్కాయి. సాయంత్రానికి కాలు ఉబ్బిపోయి, బూటు లాగితే వచ్చేది కాదు. చీలమండ చుట్టూ చర్మం నల్లబడింది, దురద పెట్టేది. అందరికీ వచ్చే నొప్పులే అనుకుని రత్తమ్మ పట్టించుకోలేదు.

తొంభై ఆరు తుపానుకి ఇంటి మీది రేకులు లేచిపోయాయి. వాటిని ఏరుకొస్తుంటే ఒక రేకు అంచు ఎడమకాలి చీలమండ లోపలివైపు గీసుకుంది. గోరంత గాటు. పసుపు అద్దుకుని పనికెళ్ళిపోయింది. వారం తిరిగేసరికి అది రూపాయి బిళ్ళంత పుండయింది. నెల తిరిగేసరికి అరచేతిలో సగం. మానినట్టే మానుతుంది, మళ్ళీ రసి కారుతుంది. వేపాకు నూరి కట్టింది. ఎవరో చెప్పిన పసరు పోయించింది. పేటలో ఉన్న ఆరెంపీ డాక్టరు చేత ఎన్ని ఇంజెక్షన్లు పొడిపించుకుందో లెక్కలేదు. ఎర్ర మందు, పసుపు మందు, తెల్ల పౌడరు, అన్నీ అయ్యాయి. పుండు మాత్రం అలాగే ఉంది. మూడేళ్ళు.

పుండు కంటే దాని వాసన ఎక్కువ బాధపెట్టింది. అంతకంటే ఎక్కువగా, మనుషులు దానికి పెట్టిన పేరు బాధపెట్టింది. గోదావరి జిల్లాల్లో కాలు వాచిందంటే బోదకాలే. ఆ మాట ఒకసారి పేటలో పుట్టాక ఇక ఆగలేదు. కుళాయి దగ్గర బిందెలు జరిగేవి. పల్లంరాజు చెడ్డవాడు కాదు, కానీ గాలి కోసమంటూ మంచం అరుగు మీదికి మార్చుకున్నాడు. ఎండాకాలం పోయి వానాకాలం వచ్చినా మంచం లోపలికి రాలేదు. రత్తమ్మ చీర కుచ్చెళ్ళు నేలకి జీరాడేలా కట్టుకోవడం మొదలుపెట్టింది.

తొంభై తొమ్మిది వైశాఖంలో ఆడబడుచు కూతురికి ఓణీల ఫంక్షన్ చేశారు. భోజనాల దగ్గర ఆడబడుచు వచ్చి, నలుగురూ వినేలా, "వదినా, నువ్వా చివర కూకో. ఇక్కడంతా చుట్టాలు" అంది.

"నేనెవర్నే?" అంది రత్తమ్మ.

"అది కాదొదినా. వాసనొత్తంది. అన్నాలు తినేచోట..."

రత్తమ్మ విస్తరి ముందు నుంచి లేచింది. అందరూ ఆమె చివరికి వెళ్ళిపోతుందనుకున్నారు. ఆమె నేరుగా మొదటి వరసలోకి వెళ్ళి, పెద్దల కోసమని ఖాళీగా ఉంచిన చోట, అందరికీ ఎదురుగా కూర్చుంది. "ఈ పిల్ల పుట్టినప్పుడు పురుడు పోసింది నేను. వడ్డించండి" అంది. వడ్డించారు. ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. పప్పు, పులుసు, పెరుగు, ఏదీ వదలకుండా నింపాదిగా తిని లేచింది. ఇంటికొచ్చాక తలుపేసుకుని ఏడ్చింది. ఏడుపు అయ్యాక ఆరెంపీ దగ్గరికి వెళ్ళి, "ఇది మానుద్దా మానదా, ఒక్కమాట చెప్పండి" అని అడిగింది.

ఆయన కట్టు విప్పి ముక్కు చిట్లించాడు. "మానే రకం కాదు రత్తమ్మా. ముదిరితే కాలు తీసేయాల్సొస్తుంది. ఇప్పుడే పని మానేసి ఇంటి పట్టున పడుండు."

"తీసేసి మీ కాలు పెడతారా నాకు?" అని లేచి వచ్చేసింది.

మర్నాడు పనికి పోకుండా ఆటో ఎక్కి పెద్దాసుపత్రికి వెళ్ళింది. ప్రభుత్వాసుపత్రిని ఆ ఊళ్ళో అలాగే అంటారు. సర్జరీ ఓపీలో మూడు గంటలు నిలబడ్డాక లోకనాథ్ అనే డాక్టరు దగ్గరికి పంపారు. నలభై ఏళ్ళ మనిషి, మాట తక్కువ. కట్టు విప్పినప్పుడు ఆయన మొహం తిప్పుకోలేదు. రత్తమ్మ మొదట గమనించింది అదే. ఆమెని ఒక బల్ల మీద నిలబెట్టి, తను కింద కూర్చుని, పిక్క మీది నరాలని వేలితో నొక్కి వదిలి చూశాడు. తర్వాత పడుకోబెట్టి, పాదం పైభాగాన రెండు వేళ్ళు ఆనించి, కళ్ళు మూసుకుని కాసేపు అలాగే ఉండిపోయాడు.

"ఏం చేత్తన్నారండి?"

"నాడి చూస్తున్నానమ్మా. కాలికి రక్తం సరిగ్గా దిగుతోందా లేదా అని. బాగానే దిగుతోంది. ఎక్కడం లేదు, అదీ నీ జబ్బు."

రత్తమ్మకి అర్థం కాలేదు. ఆయన కాగితం మీద ఒక గొట్టం గీసి, అందులో చిన్నచిన్న గీతలు పెట్టాడు. "ఇవి తలుపులనుకో. నువ్వు నడిచినప్పుడు పిక్క బిగిసి రక్తాన్ని పైకి నెడుతుంది. అది కిందికి జారకుండా ఈ తలుపులు మూసుకుంటాయి. నీ తలుపులు వదులైపోయాయి. పైగా నువ్వు కదలకుండా గంటలు గంటలు నిలబడతావు. రక్తమంతా చీలమండ దగ్గరే నిలవుండిపోతోంది. అక్కడ చర్మం పాడైంది. అందుకే గీరుకున్నది మానట్లేదు."

"అయితే బోదకాలు కాదాండి?"

"కాదు."

"ఇంకోసారి చెప్పండి."

ఆయన మొదటిసారి నవ్వాడు. "కాదమ్మా. అదైతే మాత్రం తప్పేముంది, దోమ కుడితే వచ్చే జబ్బు. కానీ నీది అది కాదు."

మందేమిటని అడిగితే ఆయన బల్ల సొరుగులోంచి గోధుమరంగు గుడ్డ చుట్ట ఒకటి తీసి చూపించాడు. లాగితే సాగుతోంది. మూడేళ్ళుగా పుండు మీద పోసిన మందులన్నీ గుర్తొచ్చి రత్తమ్మకి ఒళ్ళు మండింది. "గుడ్డ కడితే మానుద్దాండి? నేను చదువుకోలేదు గానీ మరీ ఎర్రిదాన్ని కాదండి."

"ఊరికే కట్టడం కాదు, నొక్కి కట్టడం. తలుపులు చెయ్యాల్సిన పని బయటి నుంచి ఈ కట్టు చేస్తుంది. ఆపరేషను సంగతి పుండు మానాక చూద్దాం. ముందిది. కానీ కట్టడం రావాలి. అది నేను నేర్పలేను, సిస్టరు నేర్పుతుంది."

డ్రెస్సింగు గదిలో నాగదుర్గ సిస్టరుంది. యాభై దాటిన మనిషి. గొంతు పెద్దది, చెయ్యి మెత్తన. పుండు కడిగి, మందు గుడ్డ పెట్టి, దాని మీద కాలంతా దూది చుట్టి, ఆపైన సాగే గుడ్డ చుట్టింది. వేళ్ళ మొదలు నుంచి మొదలుపెట్టి, మడమ మూసి, ఒక చుట్టు మీద సగం వచ్చేలా ఇంకో చుట్టు వేస్తూ మోకాలి కిందదాకా తెచ్చింది. "చీలమండ దగ్గర బిగువు, పైకి వెళ్ళేకొద్దీ వదులు. పైన బిగించావో, కింద వాచి చస్తావు. వేళ్ళ చివర్లు ఎప్పుడూ కనపడాలి. నీలంగా మారినా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పెయ్. కట్టు కట్టుకుని నడువు. కూర్చుంటే కాలు ఎత్తున పెట్టు. నిలబడటం మాత్రం పనికిరాదు."

"నా పనే నిలబడటం సిస్టరుగారూ."

"అయితే పనితో నువ్వే తేల్చుకో" అంది నాగదుర్గ.

వారానికి రెండుసార్లు ఆసుపత్రికి వెళ్ళి కట్టు మార్పించుకునేది. నెలన్నర అయ్యాక రసి తగ్గింది. అప్పటినుంచి ఇంటి దగ్గర తనే కట్టుకోమన్నారు. పొద్దున మంచం దిగకముందే, కాలు వాచకముందే కట్టాలి. మొదటి రోజు రత్తమ్మ కట్టింది గడప దాటేసరికి జారి చీలమండ దగ్గర కుప్పపడింది. రెండో రోజూ అంతే. అరుగు మీంచి చూస్తున్న పల్లంరాజు మూడో రోజు లోపలికొచ్చి, "ఇలా తే" అన్నాడు. పడవ మీద తాడు చుట్టడంలో అతన్ని మించినవాడు లేడు. చుట్టు మీద చుట్టు, ఎక్కడా సందు లేకుండా, చూడముచ్చటగా చుట్టాడు. పది నిమిషాలకి ఆమె వేళ్ళు నేరేడుపళ్ళలా అయిపోయాయి.

"చంపేత్తన్నావు! ఇప్పు, ఇప్పు!" అని రెండోకాలితో ఒక్క తన్ను తన్నింది.

పల్లంరాజు కింద కూర్చునిపోయి నవ్వడం మొదలుపెట్టాడు. రత్తమ్మకీ నవ్వు ఆగలేదు. విప్పి మళ్ళీ కట్టాడు, ఈసారి నెమ్మదిగా, ఒక్కో చుట్టుకీ "బిగువా? వదులా?" అని అడుగుతూ. పుండు అతని మొహానికి జానెడు దూరంలో ఉంది. వారం రోజులు అలా కట్టాక ఒక పొద్దున, చేతులు కడుక్కుంటూ, ఎటో చూస్తూ, "వానపడేలా ఉంది, మంచం లోపలేత్తాను" అన్నాడు.

"నీ ఇష్టం. నేను బయటెయ్యమన్లేదు" అంది రత్తమ్మ.

ఇంట్లో సంగతి అలా కుదుటపడింది. షెడ్డులో అసలు తగాదా అప్పుడే మొదలైంది.

లోకనాథ్ గారు ఒక చీటీ రాసిచ్చారు. ఈమె గంటకోసారి పది నిమిషాలు కూర్చోవాలి, వీలైతే కూర్చునే పని ఇవ్వాలి అని. దాన్ని సూపర్వైజరు వెంకటరాజుకి ఇచ్చింది. అతను చదివి మడిచి తిరిగి చేతిలో పెట్టాడు.

"కూర్చుని రొయ్యలొలుస్తావా? ఇదేమైనా పెళ్ళిపందిరనుకున్నావా రత్తమ్మా? కూర్చోవాలంటే ఇంటికెళ్ళి కూర్చో."

"బల్ల ముందే కూకుంటానండి. చేతులు ఆగవు గదండి. చూడండి, పని తగ్గితే అప్పుడు అడగండి."

"ఒక్కదానికిస్తే నలభైమందీ అడుగుతారు."

"అడిగితే ఇవ్వండి" అంది.

అతను వెళ్ళిపోయాడు. పడవలు కట్టే వడ్రంగి బుల్లియ్య వాళ్ళ వీధిలోనే ఉంటాడు. ఆ ఆదివారం అతని చేత నడుమెత్తు బల్లకి సరిపోయేలా పొడవుకాళ్ళ స్టూలొకటి చేయించింది. పడవకి వాడగా మిగిలిన చెక్క. సోమవారం దాన్ని నెత్తిన పెట్టుకుని షెడ్డుకి తీసుకెళ్ళి, బల్ల ముందు వేసుకుని కూర్చుంది. చుట్టూ ఆడవాళ్ళు చేతులాపి చూశారు. పక్కబల్ల అచ్చాయమ్మ, "ఓలమ్మో, దీనికెంత గుండె!" అంది నవ్వుతూ. గంట గడవకముందే వెంకటరాజు వచ్చి స్టూలు తీసి బయట పారేయించాడు. మంగళవారం మళ్ళీ తెచ్చింది. మళ్ళీ పారేయించాడు. బుధవారం ఒక కాలు విరిగింది. బుల్లియ్య చేత మేకు కొట్టించి గురువారం మళ్ళీ తెచ్చింది.

ఆరోజు వెంకటరాజు అరవలేదు. పక్కకి పిలిచి చెప్పాడు. "నేను పగబట్టి చెయ్యట్లేదు రత్తమ్మా. షెడ్డులోకి కర్ర రానివ్వకూడదు. తడికి నాచు పడుతుంది, పురుగు చేరుతుంది. సరుకు కొనేవాళ్ళు చూశారంటే లోడంతా వెనక్కి కొడతారు. అది రూలు."

అది నిజమేనని రత్తమ్మకి తెలుసు. రొయ్యల బుట్టలు కూడా వెదురువి మాన్పించి ప్లాస్టిక్కువి తెప్పించారు. ఒక్క నిమిషం ఆలోచించింది. "కర్ర వద్దంటే ఇనప గొట్టాలతో చేయించండి. తుప్పు పట్టకుండా రంగేయించండి. అది మీ పని."

వెంకటరాజు మొహం ఎర్రబడింది. "నాకు పని చెప్పేదానివైపోయావా? విదేశాల నుంచి మనుషులొస్తున్నారు వచ్చే వారం. ఆ కట్టుతో, ఆ కాలితో నువ్వు వాళ్ళ కంటపడ్డానికి వీల్లేదు. రేపట్నించి రాకు."

"కట్టు మీద ప్లాస్టిక్ కవరుంది, దాని మీద బూటుంది. ఎవరికీ కనపడదండి."

"రాకు అన్నాను."

నాలుగు రోజులు రత్తమ్మ ఇంట్లోనే ఉంది. కాలు దిండు మీద పెట్టుకుని పడుకుంది. సిస్టరు చెప్పినట్టు ఇసక దిబ్బల మీద నడిచింది. కాలికి ఆ విశ్రాంతి హాయిగానే ఉంది గానీ మనసుకి లేదు. ఐదో రోజు సాయంత్రం అచ్చాయమ్మ వచ్చి, ఎవరూ చూడకుండా తలుపు దగ్గరగా వేసి, చీర పైకెత్తింది. రెండు కాళ్ళ మీదా నరాలు తాళ్ళలా లేచి ఉన్నాయి. కుడి చీలమండ నల్లగా, గట్టిగా ఉంది.

"నీకూనా! ఎప్పట్నించే?"

"నాలుగేళ్ళు. నిన్ను అందరూ అనేవి ఇని, నోరు మూసుకున్నాను."

"ఇంకెవరికున్నాయి?"

అచ్చాయమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. తనకి తెలిసినవే తొమ్మిది. మర్నాడు ఇద్దరూ ఇల్లిల్లూ తిరిగారు. రత్తమ్మ ప్రతి ఇంట్లోనూ ముందు తన కట్టు విప్పి, పుండు చూపించేది. అప్పటికది పావలా బిళ్ళంతకి దిగింది. ఆ తర్వాత, "నీ కాలు చూపించు" అనేది. కొందరు చూపించారు. కొందరు తిట్టి పంపారు. మొత్తం మీద నలభైమందిలో ఇరవై మూడుమందికి ఏదో ఒక మేరకి నరాలు లేచి ఉన్నాయి.

ఆ మర్నాడు రొయ్యల లారీ పెందరాళే వచ్చింది. ఆడవాళ్ళు షెడ్డు గేటు దగ్గరికి వచ్చారు గానీ లోపలికి వెళ్ళలేదు. వెంకటరాజు రమ్మన్నాడు. బెదిరించాడు. ఎవరూ కదల్లేదు. ఏడింటికే ఎండ చురుక్కుమంటోంది. లారీ కింద నుంచి ఐసునీళ్ళు ధారగా కారుతున్నాయి. ఇంకో రెండు గంటలు బల్ల మీదికి చేరకపోతే ఆ సరుకు ఎందుకూ పనికిరాదని అక్కడ అందరికీ తెలుసు. ఎనిమిదింటికి మేనేజరు జీపులో వచ్చాడు.

"ఏంటమ్మా ఇది? ఏంటి మీ బాధ?"

రత్తమ్మ ముందుకొచ్చింది. వంగి, చీర అంచు పట్టుకుని మోకాలిదాకా ఎత్తింది. కట్టు విప్పి చుట్టుకుంటూ వచ్చింది. ఆమె పక్కన అచ్చాయమ్మ చీర ఎత్తింది. ఆ పక్కన ఇంకొకామె. అలా వరసగా ఇరవై మూడుమంది. బడికెళ్ళే పిల్లల తల్లులు, మనవలున్న ముసలివాళ్ళు.

మేనేజరు గబుక్కున తల తిప్పుకున్నాడు. "దించండమ్మా! ఆడవాళ్ళయ్యుండి నడిరోడ్డు మీద ఏంటిది? కిందికి దించండి!"

"మూడేళ్ళు దించే ఉంచానండి" అంది రత్తమ్మ. "దించుకుంటే ఏం జరిగిందో చూడండి. మీ బల్లల ముందు నిలబడి నిలబడి వచ్చిన కాళ్ళండి ఇవి. మేం పని మానం. కూకోడానికి స్టూళ్ళు కావాలి. కర్రవి కాదు, ఇనపవి. గంటకోసారి అటూ ఇటూ నడిచి రానివ్వాలి. నన్ను లోపలికి రానివ్వాలి. ఈ మూడే."

"చూద్దాం. ముందు సరుకు దించండి."

"చూద్దామని కాదండి. చేత్తామని చెప్పండి."

మేనేజరు లారీ వైపు చూశాడు. కింద నీళ్ళు మడుగు కట్టాయి. వెంకటరాజుని పిలిచి ఏదో గొణిగాడు. వెల్డింగు షాపుకి కబురు పంపుతానని, పది స్టూళ్ళు చేయిస్తానని అన్నాడు. "నలభైమందికి పదా?" అని వెనక నుంచి ఎవరో అరిచారు. "వంతులేసుకుంటాం, ముందు పది రానివ్వండి" అంది రత్తమ్మ. గేటు ముందే కింద కూర్చుని, కాలు అచ్చాయమ్మ ఒళ్ళో పెట్టి, తొందరపడకుండా వేళ్ళ మొదలు నుంచి మోకాలి కిందదాకా కట్టు కట్టుకుంది. ఆమె లేచి లోపలికి నడిచాకే మిగతావాళ్ళు కదిలారు.

స్టూళ్ళు పద్దెనిమిది రోజులకి వచ్చాయి. రెండు సార్లు గుర్తుచేయాల్సి వచ్చింది. ఒకసారి మళ్ళీ గేటు దగ్గర ఆగుతామని చెప్పాల్సి వచ్చింది. వచ్చినవి ఏడే, పది కాదు. ఆకుపచ్చ రంగు వేసిన ఇనప స్టూళ్ళు. వెంకటరాజు ఆ తర్వాత కూడా ఏడాదిపాటు ఆమెతో మొహం చూసి మాట్లాడలేదు. కానీ ఒకరోజు అతనే, ఎవరూ లేనప్పుడు, వాళ్ళమ్మకి కాలు అలాగే ఉందని, ఆ డాక్టరు ఏ రోజుల్లో కూర్చుంటాడని అడిగాడు. రత్తమ్మ చెప్పింది. "గుడ్డ మీరే కొనేసి కట్టెయ్యకండి. ముందు పాదం నాడి చూపించాలి. రక్తం దిగని కాలికి కడితే కాలే పోద్దంట" అని కూడా చెప్పింది.

పుండు ఆ ఏడు దీపావళికి పూర్తిగా మూసుకుంది. లేత చర్మం, గులాబీ రంగులో, గోరంత మచ్చ. రత్తమ్మ దాన్ని రోజుకి పదిసార్లు చూసుకునేది. ఇంకేముంది, మానిపోయిందని కట్టు మానేసింది. రోజంతా ఆ గుడ్డ ఎంత చిరాకో కట్టుకున్నవాళ్ళకే తెలుస్తుంది. నాలుగు నెలలు తిరక్కుండా చీలమండ మళ్ళీ వాచింది, మచ్చ మళ్ళీ పగిలింది. ఆసుపత్రికి వెళ్తే నాగదుర్గ సిస్టరు ఓపీ అంతా వినపడేలా కేకలేసింది. "పుండు మానింది, నీ నరాలు మానాయా? కంపెనీతో కొట్లాడావంట గానీ గుడ్డతో కొట్లాడలేకపోయావా?" రత్తమ్మ ఎవరి దగ్గరా తల దించుకోని మనిషి, ఆమె ముందు దించుకుంది. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. ఈసారి మానడానికి ఏడు నెలలు పట్టింది. రెండువేల రెండులో లోకనాథ్ గారు ఆపరేషను చేసి పెద్ద నరాన్ని తీసేశారు. తీసేశాక కూడా మోకాలిదాకా సాగే మేజోడు వేసుకోమన్నారు. వేసుకుంది. ఇక ఒక్కరోజు కూడా వేసుకోవడం మానలేదు. చీర మాత్రం మళ్ళీ నేలకి జీరాడేలా కట్టలేదు. చీలమండ పైకే కట్టేది. ఆ గోధుమరంగు మేజోడు చూసి ఎవరైనా ఏంటని అడిగితే, అడిగినవాళ్ళకి పని చెడేదాకా చెప్పేది.

రెండువేల నాలుగులో ఒక శుక్రవారం నాగదుర్గ సిస్టరు కబురు చేసింది. అప్పుడప్పుడూ అలా పిలిచేది. మాట వినని పేషెంట్లు వచ్చినప్పుడు. రత్తమ్మ వెళ్ళేసరికి డ్రెస్సింగు గదిలో ఒక పెద్దావిడ కూర్చునుంది. రామచంద్రపురం దగ్గర ఊరు, పెద్ద రైతుల ఇంటి ఇల్లాలు, పేరు చిన్నమ్మాయి గారు. మెడలో బరువైన గొలుసు, పాదాలు పూర్తిగా మునిగిపోయేలా పట్టుచీర. గదిలో సెంటు వాసన, దాని కింద రత్తమ్మకి బాగా తెలిసిన ఇంకో వాసన. పదకొండేళ్ళుగా పుండుందట. ఇంట్లో వంటమనిషికి కూడా తెలియకుండా తనే తలుపేసుకుని కడుక్కుంటుందట. కోడళ్ళకి తెలియదట. డాక్టరు గారికి ఎలాగో ఒకసారి చూపించింది గానీ, కట్టు కడతానని గంట నుంచి సిస్టరు బతిమాలుతున్నా మళ్ళీ చీర ఎత్తట్లేదు.

రత్తమ్మ ఆమె ఎదురుగా నేల మీద చతికిలబడి, తన మేజోడు లాగేసి, కాలు చాపింది. మచ్చని వేలితో చూపించింది. "ఇక్కడేనండి. ఇంత ఉండేది. మా పేటలో నా పక్కన కూకుని అన్నం తినేవోళ్ళు కాదు."

ఆవిడ వంగి చూసింది. చాలాసేపు చూసింది. "మీకు సిగ్గనిపించలేదా అమ్మా, పదిమందికీ చూపించడానికి?" అంది నెమ్మదిగా.

"ఎందుకండి సిగ్గు? దొంగతనం చేసిందా ఇది? మీ సంసారం అంతా మోసిన కాలేగా అది. దాచి దాచి దాన్ని చంపేత్తారా?"

ఆవిడ రెండు చేతులతో కుచ్చెళ్ళు పట్టుకుని కొంచెం పైకి తీసింది. ఇంకొంచెం తీసింది. సిస్టరు పాదం నాడి చూసి, డాక్టరు గారు ముందే చూసి రాసిన చీటీ ఇంకోసారి చదువుకుని, పుండు కడిగి, దూది చుట్టింది. అప్పుడు సాగే గుడ్డ చుట్ట రత్తమ్మ చేతికిచ్చింది. రత్తమ్మ ఆవిడ పాదాన్ని తన ఒళ్ళోకి తీసుకుంది. వేళ్ళ మొదలు నుంచి మొదలుపెట్టింది.

"బిగువైతే చెప్పండి. ఓర్చుకోకండి. వేళ్ళు కదపండి. ఆ, అలా."

"ఎన్నాళ్ళు కట్టుకోవాలమ్మా ఇది?"

"రోజూనండి" అంది రత్తమ్మ, మడమ మీదుగా గుడ్డ తిప్పుతూ. "మంచం దిగకముందే. మీ కోడళ్ళ చేత కట్టించుకోండి, తలుపు తీసి పెట్టి."